వరండాలో రెండు గంటలు

రెయిబర్న్ మాస్టారి ఆఫీసులో చేరి మూడేళ్ళు నిండినా ఈడిత్ లాంగ్‌మోర్ పేరు ఒక్క పటం మీద కూడా పడలేదు.

ఆ ఆఫీసు ఆచారం అలాంటిది. కొలతలు ఎవరు తీసినా, గీతలు ఎవరు గీసినా, రంగులు ఎవరు అద్దినా, పటం కింద కుడి మూలన సంతకం మాత్రం మాస్టారిదే. శిష్యులు సంతకం పెట్టే రోజు ఎప్పుడన్నది ఆయనే చెప్తారు. చెప్పేదాకా అడగకూడదు. ఈడిత్ కన్నా ముందు చేరినవాళ్ళు ఒకరు ఆరేళ్ళు, ఒకరు ఏడేళ్ళు ఆగారు.

ఈడిత్‌కి ఆగడం చేతకాదు.

ఇది వందేళ్ళ పైమాట. కెనడాలో అప్పటికి లాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అనే మాటే చాలామందికి కొత్త. పార్కులూ, బడి ఆవరణలూ, శ్మశానాలూ, ఆస్పత్రి మైదానాలూ ఎలా ఉండాలో గీసివ్వడం ఒక వృత్తి అంటే జనం నవ్వేవాళ్ళు. “అంటే తోటమాలా?” అని అడిగేవాళ్ళు. డంకన్ రెయిబర్న్ ఏమాత్రం నొచ్చుకోకుండా “అవునండీ, తోటమాలినే” అనేవారు. ఆ జవాబు వింటే ఈడిత్‌కి ఒళ్ళు మండేది. కాలేజీలో చదివి, బంగారు పతకం తెచ్చుకుని వచ్చిన పిల్ల మరి.

ఆ ఏడు అక్టోబరులో ఒకనాటి పొద్దున ఆమె అడిగేసింది.

“మాస్టారూ, ఈ ఆస్పత్రి పటం మొత్తం నాదే. మీరు ఒక్క గీత కూడా దిద్దలేదు.”

“దిద్దలేదు,” అన్నారాయన, పెన్సిల్ చెక్కుకుంటూ.

“మరి దీని మీదైనా నన్ను సంతకం పెట్టనిస్తారా?”

“పెట్టు. రేపు ఆస్పత్రిలో కమిటీవాళ్ళు కలుస్తారుగా, వాళ్ళ ముందే పెట్టు.” ఆయన చాకు మడిచి జేబులో వేసుకున్నారు. “ఇవాళ మాత్రం నాతో రా. ఒకరోజు ముందే అక్కడికి వెళ్దాం.”

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని ఆమె అనుకోలేదు. మూడేళ్ళ నుంచి దెబ్బలాడడానికి కూడబెట్టుకున్న మాటలన్నీ అక్కరకు రాకుండా పోయాయి. రైల్లో కూర్చున్నాక కూడా ఆమెకి నమ్మకం కుదరలేదు. పటం పెట్టిన రేకు గొట్టాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. మాస్టారు ఎదురుగా కూర్చుని, టోపీ కళ్ళమీదికి లాక్కుని, చక్కగా నిద్రపోయారు.

ఆ ఆస్పత్రి సరస్సు ఒడ్డున ఉంది. క్షయ రోగులది. అప్పటికి ఆ జబ్బుకి మందు లేదు. మంచి గాలి, ఎండ, పాలు, కదలకుండా పడుకోవడం, ఇవే వైద్యం. అందుకని మంచాలన్నీ పొడుగాటి వరండాలో వరసగా వేసి, మంచు కురిసే రోజుల్లో కూడా రోగులని అక్కడే పడుకోబెట్టేవాళ్ళు. మన మదనపల్లె వైపు క్షయ ఆస్పత్రి గురించి విన్నవాళ్ళకి ఆ వరస కళ్ళకు కడుతుంది.

పెద్ద డాక్టరు పేరు వీలన్. మేడమీద తన గదిలో బల్ల ఖాళీ చేసి, పటం నాలుగు మూలలా పుస్తకాలు పెట్టి, చూసి, “అబ్బా” అన్నాడు.

అనాల్సిందే. పటం అంత బాగుంది. ఆస్పత్రికీ సరస్సుకీ మధ్య ఉన్న పచ్చిక మైదానంలో నడిబొడ్డున ఒక పెద్ద గుండ్రటి పూలమడి. దాని చుట్టూ ఎనిమిది రేకుల్లా ఎనిమిది చిన్న మళ్ళు. ఒకదాంట్లో ఎర్ర జెరేనియాలు, ఒకదాంట్లో పసుపు బంతులు, ఇంకోదాంట్లో ఊదారంగు పాన్సీలు. మధ్యలోంచి సరస్సు దాకా తిన్నగా ఒక బాట. ఆ బాటకి సరిగ్గా అడ్డంగా ఇప్పుడొక వంకర పోప్లర్ చెట్టు ఉంది. ఒక పక్క కొమ్మలు ఎండిపోయిన ముసలి చెట్టు. దానిమీద ఈడిత్ ఎర్ర సిరాతో ఇంటూ గుర్తు పెట్టింది. కొట్టేయాలని.

డాక్టరు కిటికీ దగ్గరికి వెళ్ళి పటాన్నీ మైదానాన్నీ మార్చి మార్చి చూశాడు. “ఇక్కణ్ణించి చూస్తే తివాచీ పరిచినట్టుంటుంది,” అన్నాడు.

ఈడిత్ మాస్టారి వంక చూసింది. ఆయన గోడ గడియారం చూస్తున్నారు.

“డాక్టరుగారూ, కింద వరండాలో మంచం ఏదైనా ఖాళీ ఉందా?”

“ఒకటుంది. నిన్ననే ఒకాయన ఇంటికి వెళ్ళాడు. ఏం, మీకు నలతగా ఉందా?”

“నాక్కాదు. మా అమ్మాయికి.”

ఈడిత్ తెల్లబోయింది. “నాకేమైంది మాస్టారూ?”

“ఏమీ కాలేదు. రెండవబోతోంది. రెండు నుంచి నాలుగు దాకా ఇక్కడ విశ్రాంతి గంటలు. మాట్లాడకూడదు, చదవకూడదు, లేచి కూర్చోకూడదు. అంతేగా డాక్టరుగారూ?”

“అంతే.”

“వెళ్ళి పడుకో.”

ఇరవై నాలుగేళ్ళ మనిషిని, కొత్త గౌను వేసుకుని వచ్చిన మనిషిని, పట్టపగలు అంతమంది మధ్య మంచమెక్కమంటే ఎలా ఉంటుంది? కానీ ఆ ఆఫీసులో మాస్టారు ఏదైనా రెండోసారి చెప్పరు. నర్సు ఉతికిన దుప్పటి పరిచి, బూట్లు విప్పించి, గొంతు దాకా రగ్గు కప్పి, గంట కొట్టి వెళ్ళిపోయింది. వరండా మొత్తం ఒక్కసారిగా చప్పుడు లేకుండా అయిపోయింది.

మొదటి పావుగంట ఈడిత్‌కి కోపంతోనే గడిచింది. ముసలాయన వేషాలు, అనుకుంది. ఈ వేషాలు ఆమెకి కొత్త కాదు. ఆఫీసులో చేరిన దగ్గర్నుంచీ వింటూనే ఉంది. స్నేహితుల ఇళ్ళలో చెప్పి నవ్విస్తూనే ఉంది.

పడమటి మైదానాల్లో ఒక చిన్న రైల్వే స్టేషన్‌కి తోట గీయమంటే, ఆయన ఆ స్టేషన్‌లో దిగనే లేదట. అదే రైలెక్కి అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు తిరిగారట. ఒకసారి కుడి కిటికీ పక్కన, ఒకసారి ఎడమ కిటికీ పక్కన. తోట గీయమంటే రైళ్ళలో షికార్లేమిటని ఊరివాళ్ళు పైవాళ్ళకి ఉత్తరం కూడా రాశారు. రైలు అక్కడ ఆగే ఏడు నిమిషాలే ప్రయాణికులు ఆ తోట చూసేది.

ఒక చిన్నపిల్లల బడికి పిలిస్తే ఆవరణంతా మోకాళ్ళమీద నడిచారట. పంట్లాం రెండు మోకాళ్ళ దగ్గరా చిరిగిపోతే, హెడ్‌మిస్ట్రెస్ సూదీ దారం తెచ్చి ఆయన్ని తెర వెనక కూర్చోబెట్టిందట.

శ్మశానం సంగతి ఇంకా వింత. నెల రోజులపాటు, ముక్కూ మొహం తెలియని వాళ్ళ శవయాత్రలన్నిటికీ వెళ్ళారట. అందరికన్నా వెనక, టోపీ చేత్తో పట్టుకుని. ఊళ్ళో ఒక ముసలమ్మ ఆయన్ని అప్పులిచ్చినవాడనుకుందట. తర్వాత గీసిన పటంలో, గుట్ట ఎక్కేదారి సగంలో, కాస్త చదునైన నేలా రెండు మేపుల్ చెట్లూ ఉన్నాయి. మోసేవాళ్ళు భుజం మార్చుకునేది అక్కడేనని ఆయన చూసుకున్నారు.

ఎన్నోసార్లు చెప్పి నవ్విన కథలే. ఈసారి నవ్వు రాలేదు.

పైన చెక్క కప్పు. దాని పలకలు ఎన్నో లెక్కపెట్టింది. తల పక్కకి తిప్పింది. నడుమెత్తున చెక్క అడ్డు. సరస్సు గాలి మంచాలమీదికి కొట్టకుండా కట్టించినది. మార్చిలో ఇదే వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి టేపు పట్టుకుని నడిచింది తను. మంచానికీ మంచానికీ మధ్య ఎంతో, మెట్లు ఎన్నో, నేల ఎంత వాలుగా ఉందో, అన్నీ రాసుకుంది. ఆ అడ్డు ఎత్తు కూడా రాసుకుంది. మూడడుగులా రెండంగుళాలు. పటంలో అది ఒక సన్నటి గీత.

తలగడ మీదినుంచి పచ్చిక కనపడటం లేదు. సరస్సు కనపడటం లేదు. బాట కనపడదు. ఎనిమిది రేకుల్లో ఒక్కటి కూడా కనపడదు. మెడ సాచింది, మోచేతిమీద లేవబోయింది. నర్సు దూరంనుంచి వేలు చూపించింది. మళ్ళీ పడుకుంది.

అడ్డు పైన ఆకాశం. ఆకాశంలో ఒకే ఒక్కటి: వంకర పోప్లర్ చెట్టు, నడుము పైభాగం. ఆకులు పసుపెక్కాయి. ఎండు కొమ్మమీద ఒక వడ్రంగిపిట్ట పైకీ కిందికీ పాకుతూ టకటకా కొడుతోంది.

ఈడిత్ వరస వెంట చూసింది. కనపడినంత మేర అన్ని తలలూ అటే తిరిగి ఉన్నాయి.

నాలుగింటికి గంట మోగింది. ఒక్కసారిగా దగ్గులూ, మాటలూ, ఎక్కడో ఒక నవ్వూ మొదలయ్యాయి. పక్క మంచంమీద ముప్ఫై ఏళ్ళ ఆవిడ ఇటు తిరిగింది. పాలిపోయిన మొహం, చురుకైన కళ్ళు.

“కొత్తగా వచ్చారా? భయపడకండి. మొదటి వారమే కష్టం. నా పేరు హనోరా. బడిపంతులమ్మని. వచ్చి పద్నాలుగు నెలలైంది.”

“నేను... నేను రోగిని కానండీ. తోట గీసేవాళ్ళతో వచ్చాను.”

“అయ్యో, మీరేనా!” హనోరా మొహం విచ్చుకుంది. “తోట వేస్తారని వేసవి నుంచీ అనుకుంటున్నాం. ఎలా ఉంటుందండీ? చెప్పరూ?”

ఈడిత్ గొంతు సవరించుకుంది. “మధ్యలో గుండ్రంగా పెద్ద మడి. చుట్టూ ఎనిమిది రేకులు. ఒకదాంట్లో ఎర్ర జెరేనియాలు...”

హనోరా కళ్ళు మూసుకుంది, బాగా చూడ్డానికన్నట్టు. “ఊఁ. ఇంకా?”

“ఒకదాంట్లో బంతులు. ఇంకోదాంట్లో పాన్సీలు.”

“పాన్సీలంటే మా అమ్మకి ప్రాణం.” కళ్ళు తెరిచింది. “మాక్కనిపిస్తాయా ఇక్కణ్ణించి?”

ఈడిత్ చెక్క అడ్డు వంక చూసింది.

“పోన్లెండి. లేచి నడిచేవాళ్ళు చూసొచ్చి చెప్తారు,” అంది హనోరా, ఎదుటి మనిషిని ఓదారుస్తున్నట్టు. “మాకు ఆ చెట్టుంది చాలు. అది మా న్యూస్‌పేపరు. కొనకొమ్మ ఇటు వంగిందంటే సరస్సు గాలి. రెండో రగ్గు అడగాలి. ఆకులు వెల్లవేసినట్టు తిరగబడ్డాయంటే వాన. ఆ పిట్ట ఉంది చూశారూ, దాని పిల్లలు జూన్‌లో ఎగిరిపోయాయి. ఆ రోజు ఇక్కడ ఎవరూ విశ్రాంతి తీసుకోలేదు. నర్సు ఒకటే తిట్టడం.” కాస్త దగ్గి ఊపిరి తీసుకుంది. “మీ తోటలో ఆ చెట్టు ఉంటుందిగా?”

జీవితంలో ఈడిత్‌ని చాలామంది చాలా ప్రశ్నలు అడిగారు. పరీక్షల్లో అడిగినవాటికి ఒక్కదానికీ తడుముకోలేదు. ఇప్పుడు మాత్రం మంచం దిగి, బూట్లలో కాళ్ళు పెట్టి, లేసు కట్టుకోవడం కూడా మర్చిపోయి నిలబడింది.

“ఉంటుందండీ,” అంది. మేడమీద బల్లమీద ఆ చెట్టుకి ఎర్ర సిరా గుర్తు ఇంకా అలాగే ఉంది.

మాస్టారు రెండు గ్లాసుల్లో వేడి పాలు పట్టుకుని వచ్చారు. ఒకటి హనోరాకిచ్చి, ఒకటి ఈడిత్ చేతిలో పెట్టారు. ఇద్దరూ సరస్సు ఒడ్డుకి నడిచారు. పోప్లర్ కిందికి వచ్చాక ఈడిత్‌కి ఏడుపు తన్నుకొచ్చింది.

“మీకు తెలుసు. పటం చూసిన రోజే తెలుసు మీకు. మూడు వారాలు అది మీ కళ్ళముందే ఉంది. ఒక్క ముక్క ఎందుకు చెప్పలేదు?”

“చెప్పుంటే ఈ ఒక్క చెట్టు మిగిలేది, అంతే,” అన్నారాయన. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చారు. “పాలు చల్లారిపోతున్నాయి, తాగు.”

మర్నాడు పదింటికి కమిటీ వచ్చింది. కమిటీ అంటే చెప్పుకోడానికి ఐదుగురు గానీ, మాటంతా అధ్యక్షుడిదే. బ్రాకెన్‌బరీ అని కలప మిల్లుల యజమాని. మంచివాడే, తొందరెక్కువ. మేడమీద కిటికీ దగ్గర నిలబడి, పటం చూసి, చేతులు రుద్దుకున్నాడు.

“భేష్! వచ్చే వేసవికి గవర్నరుగారు వస్తారు. సరిగ్గా ఈ కిటికీలోంచే చూపిస్తాను. రెయిబర్న్, ఇంత అందమైన పటం నువ్వెప్పుడూ ఇవ్వలేదోయ్.”

“నాది కాదు. మిస్ లాంగ్‌మోర్‌ది.” మాస్టారు సిరాబుడ్డి మూత తీసి, కలం ముంచి, ఈడిత్ ముందు పెట్టారు. “సంతకం కూడా ఆమెదే.”

అందరూ చప్పట్లు కొట్టారు. ఈడిత్ కలం చేతిలోకి తీసుకుంది. కింద కుడి మూలన ఖాళీ చోటు తెల్లగా ఉంది. మూడేళ్ళుగా ప్రతి పటంమీదా ఆ చోట తన పేరు ఎలా ఉంటుందో ఊహించుకున్న పిల్ల. ఆ చోటు ఆమెకి కంచంలో అన్నం కన్నా ముఖ్యం. మాస్టారి వంక చూసింది. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. అవునని గానీ కాదని గానీ ఆ వీపుమీద ఏమీ రాసిలేదు.

ఆమె కలం తిరిగి సిరాబుడ్డి పక్కన పెట్టేసింది.

“క్షమించండి. ఈ పటం పనికిరాదు.”

“పనికిరాకపోవడమేమిటి?” అన్నాడు బ్రాకెన్‌బరీ. “నాకు నచ్చిందంటుంటే!”

“ఈ గదిలో ఉన్నవాళ్ళకి నచ్చుతుందండీ. ఇది ఈ గదిలోంచే కనిపిస్తుంది. కింద మంచాలమీద ఉన్నవాళ్ళకి ఒక్క పువ్వు కూడా కనపడదు. పైగా వాళ్ళకి కనపడే ఒక్క చెట్టునీ నేను కొట్టేయమన్నాను. మంచు కరిగేదాకా గడువివ్వండి. మళ్ళీ గీస్తాను.”

“గడువా! అమ్మాయీ, మంచుకి నేల గట్టిపడకముందే తవ్వకం మొదలవ్వాలి. సంతకం పెడితే పని నీది. పెట్టకపోతే సోమవారానికల్లా ఇంకొకరిని పిలిచి ఇచ్చేస్తాను.”

ఈడిత్ మొహం ఎర్రబడింది. పని పోతుంది. పేరు పోతుంది. మాస్టారి మాట కూడా పోతుంది. అయినా అంది.

“ఇచ్చేయండి. కానీ వాళ్ళ చేతికి పెన్సిల్ ఇచ్చేముందు, రెండు నుంచి నాలుగు దాకా కింద పడుకోబెట్టండి.”

బ్రాకెన్‌బరీ టోపీ కోసం చెయ్యి చాచాడు. డాక్టరు వీలన్ మాత్రం కుర్చీలోంచి లేచాడు. కిటికీ దాకా వెళ్ళి, బయటికి చూసి, తిరిగి వచ్చాడు.

“తొమ్మిదేళ్ళుగా నేను ఈ కిటికీలోంచే చూస్తున్నాను,” అన్నాడు మెల్లిగా. “ఒక్కరోజు కూడా కింద పడుకోలేదు. బ్రాకెన్‌బరీగారూ, మంచు కరిగేదాకా ఆగుదాం. ఇది నా ఆస్పత్రి, నా రోగులు. నా మాట వినండి.”

అధ్యక్షుడు గొణిగాడు, గడియారం చూసుకున్నాడు, గవర్నరు సంగతి రెండుసార్లు గుర్తుచేశాడు. చివరికి “ఏప్రిల్. ఒక్కరోజు ఎక్కువైనా ఒప్పుకోను,” అని టోపీ పెట్టుకున్నాడు.

వాళ్ళు వెళ్ళాక ఈడిత్ మెట్లు రెండేసి చొప్పున దిగింది. మాస్టారు వెనక నెమ్మదిగా వస్తున్నారు. ఆమె గుండె తేలికైపోయింది. బుర్రలో కొత్త తోట అప్పుడే మొలుస్తోంది.

“నాకంతా అర్థమైంది మాస్టారూ! అడ్డుకి అవతల మట్టి పోసి నేల ఎత్తు చేద్దాం. పోప్లర్‌కి తోడుగా కొన్ని బర్చ్ చెట్లు, ఎరుపెక్కే మేపుల్ ఒకటి. ఎండు కొమ్మలు ముట్టుకోవద్దు, పిట్టలకి కావాలి. పాన్సీలు తొట్టెల్లో వేసి అడ్డుకే తగిలిద్దాం. ఏప్రిల్ దాకా ఎందుకు, మధ్యాహ్నం రైల్లోనే మొదలుపెట్టేస్తాను. ఆ మంచంమీద పడుకుంటే ఏం కనపడాలో మొత్తం నా కళ్ళల్లో ఉంది.”

ఎంత బాగా చెప్పిందో! నేనైతే అక్కడే భుజం తట్టేవాణ్ణి. రెయిబర్న్ మాస్టారి కళ్ళు కూడా మెరిశాయి. ఆయన ఆమెని ఎంత ప్రేమగా చూశారంటే, అటుగా వెళ్తున్న నర్సు తండ్రీకూతుళ్ళనుకుంది.

వరండా గుమ్మం దగ్గర ఆయన ఆగారు.

“మంచాలెన్ని ఉన్నాయి ఇక్కడ?”

“నలభై నాలుగు,” అంది ఈడిత్ ఠక్కున. లెక్కల్లో ఆమె ఎప్పుడూ తప్పదు.

“నువ్వు పడుకున్నవి?”

“ఒకటి,” అంది ఈడిత్. వరస వెంట చూసింది. ఈ చివర మంచాలకి పోప్లర్ ఎదురుగా ఉంది. ఆ చివరి మంచాలు మలుపు తిరిగి, వంటింటి గోడ పక్కకి పోయాయి. అక్కడ పడుకున్నవాళ్ళ తలలు ఎటు తిరిగి ఉన్నాయో ఇక్కణ్ణించి కనపడటం లేదు.

మాస్టారు టోపీ పెట్టుకుని, కోటు బొత్తాలు పెట్టుకున్నారు.

“నా రైలు పన్నెండున్నరకి,” అన్నారు. “నీ రైలెప్పుడో నువ్వే చూసుకో.”

ఈడిత్ కాగితాలు చంకలో పెట్టుకుని, గౌను కాస్త ఎత్తిపట్టుకుని, వంటింటి గోడ వైపు నడిచింది.